మేకుకు వేలాడే బైనాక్యులర్

పిల్ల ఉంది. గుట్ట అంచు మీది గూట్లో రాబందు పిల్ల ఉంది. ఈ పొద్దున కాపలా మనిషి జంగు చూశాడు, నేను చూశాను, నమ్మకం కుదరక మళ్ళీ మళ్ళీ చూశాను. తెల్లటి నూగు, ముడతలు పడ్డ మెడ, నిలబెట్టలేక ఊగిపోయే తల. తల్లి ముక్కు వంచి దాని నోట్లో ఏదో పెట్టింది. అది మింగింది.

ఈ మాట ముందు చెప్పకుండా ఇంకేం రాయాలన్నా నా చెయ్యి సాగదు.

ప్రస్తుతం నేను అడవి బయట, తారు రోడ్డు పక్కన ఒక చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్నాను. లోపల మా కాపలా గుడిసె దగ్గర ఫోన్ సిగ్నల్ ఉండదు, ఇక్కడికి వస్తే దొరుకుతుంది. ఈ ప్రాంతానికి రేంజ్ ఆఫీసర్ అయిన మౌనిక మేడంకు ఫోన్ చేసి చెప్పాను, జంగు తీసిన ఫొటో పంపాను. ఆమె పెద్ద ఆఫీసరును కలవడానికి వెళ్ళారు. అక్కడి నుంచి ఫోన్ వచ్చేదాకా నాకు కదలబుద్ధి కాదు. అందుకే రాస్తున్నాను.

కొత్తగా చేరే బీట్ ఆఫీసర్ల కోసం నా అనుభవాలు రాసిపెట్టమని మేడం అడిగి చాలా రోజులైంది. బైనాక్యులర్ల మీద ఏం రాయాలో నాకు ఎప్పుడో తెలుసనుకున్నాను: ఖరీదైనవి దండగ, చవకవి చాలు. నౌకరీ చేసినన్నాళ్ళూ అదే చెప్పాను. ఈ పొద్దున దాకా చెప్పాను.

ఈ ఫోన్ కోసం ఎందుకింత ఎదురుచూపంటే, రెండు చలికాలాలుగా ఈ గుట్ట మీద ఒక్క పిల్ల కూడా పుట్టలేదు. పిల్లలు లేని గుట్టకు కాపలా ఎందుకని, ఈ నెలాఖరుకు గుడిసె ఎత్తేయమని పై నుంచి మాట వచ్చింది. గుడిసె పోతే జంగు పని పోతుంది. అంతకంటే పెద్ద సంగతి, తేనె కోసం గుట్టకు పొగ పెట్టేవాళ్ళను ఆపే మనిషి ఉండడు. ఒక్కసారి పొగ తగిలితే రాబందు గూడు వదిలి పోతుంది, మళ్ళీ రాదు. గుట్ట పేరు మాత్రం రాయను. పేరు రాస్తే ఆదివారం నాటికి రోడ్డు మీద కార్లు వరుస కడతాయి.

బీరువా

మాది మరమగ్గాల ఇల్లు. మా వంశంలో డిగ్రీ ముఖం చూసిన మొదటివాణ్ణి నేనే. కరీంనగర్‌లో బీఎస్సీ చదివాను. పాసైన రోజు మా బాపు గల్లీలో ఒక్కో మగ్గం దగ్గరా ఆగి చెప్పుకుంటూ పోయాడు. మగ్గాల మోతలో వినపడని వాళ్ళకు చెవి దగ్గర నోరు పెట్టి మళ్ళీ చెప్పాడు. మంచి కబురు కడుపులో దాచుకోవడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు, నాకూ ఆ గుణమే వచ్చింది.

ఫారెస్టరుగా చేరితే మొదటి పోస్టింగ్ ఆదిలాబాద్ వైపు పడింది. ఆ ఆఫీసులో విదేశీ బైనాక్యులర్ ఒకటి ఉందని విని సంబరపడ్డాను. చూద్దామంటే మా రేంజర్ గారు చూపించరు. మంచి మనిషే. అడవిలో దొంగ కలపను వాసనతో పట్టేవాడు. కానీ ఆ వస్తువు స్టాక్ రిజిస్టరులో ఆయన పేరు మీద ఉంది. పోతే ఆయన జీతంలోంచి కోత. అందుకని తోలు పెట్టెలో పెట్టి, పెట్టెను గుడ్డలో చుట్టి, గుడ్డ మూటను ఇనుప బీరువాలో పెట్టి, తాళం చెవి జంధ్యానికి కట్టుకున్నాడు. నేను అడిగినప్పుడల్లా ఒకటే మాట.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయి గద రాజేశం. ఇంక గదెందుకు?"

రెండు వానాకాలాలు గడిచాయి. పక్షుల లెక్క చేయమని పై నుంచి ఆర్డరు వచ్చినప్పుడు తప్పనిసరై బీరువా తెరిచాడు. తోలు పెట్టె పచ్చగా బూజు పట్టింది. బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుంటే పక్షి కాదు, సాలెగూడు కనబడింది. తేమకు అద్దాల లోపల బూజు తీగలుగా పాకింది. బయట తుడిస్తే పోయేది కాదు. రేంజర్ గారు దాన్ని చేతుల్లో తిప్పి తిప్పి చూసి, మళ్ళీ గుడ్డలో చుట్టి బీరువాలోనే పెట్టాడు. ఆ లెక్క మేం ఉత్త కళ్ళతోనే చేశాం.

ఆ రోజు నేను తీర్మానించుకున్నాను. ఖరీదైన వస్తువు సర్కారు ఆఫీసులో ఎవరి చేతికీ రాదు. దాన్ని కాపాడటమే పనైపోతుంది, చూడటం ఉండదు. కాబట్టి చవకది కొనాలి, మెడలో వేసుకోవాలి, పాడైతే ఇంకోటి కొనుక్కోవాలి. కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక కళ్ళద్దాల షాపులో నా మొదటి బైనాక్యులర్ కొన్నాను. తర్వాత కొన్నవాటన్నిటికీ ఆ షాపు వాడే సప్లయర్.

మధ్యాహ్నం వచ్చే జీపు

నా నమ్మకాన్ని గట్టిపరిచినవాళ్ళు బాసులే. తనిఖీకి వచ్చే ఏ ఆఫీసరైనా పొద్దున బంగ్లాలో టిఫిన్ చేసి బయల్దేరేవాడు. గుట్ట దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉండేది. భోజనానికి మళ్ళీ బంగ్లాకు చేరాలి. అంటే రాబందుల గూళ్ళను పెద్దవాళ్ళెవరైనా చూశారంటే మధ్యాహ్నమే చూశారు.

మధ్యాహ్నం రాయి పెనంలా కాలుతుంది. దాని ముందు గాలి ఊగుతుంది. ఎండాకాలం రోడ్డు మీద దూరంగా నీళ్ళున్నట్టు కనబడుతుందే, అదే. ఆ ఊపును ఏ కంపెనీ అద్దమూ ఆపలేదు. ఇంకా చెప్పాలంటే, ఎక్కువ రెట్లు చూపించే అద్దం ఊపును కూడా అన్ని రెట్లు చూపిస్తుంది. ఒక ఆఫీసర్ గారు చాలా మోజుగా కొనుక్కున్న పన్నెండు రెట్ల బైనాక్యులర్‌తో గుట్ట వంక కాసేపు చూసి, రాబందులు లేవని చెప్పేశారు. ఆయన చూసిన అంచు మీదే రెండు కూర్చుని ఉన్నాయి. ఊగే రాయిలో అవి కూడా రాయిలాగే ఊగాయి. మేం ఎంత చెప్పినా మా చేతుల్లోవి చవక అద్దాలు. ఆయన మాటే రిపోర్టులోకి ఎక్కింది.

ఇంకోసారి వానాకాలంలో డ్యాం దగ్గర పక్షులు చూడటానికి ఒకాయన ఏసీ కారులో వచ్చాడు. దిగగానే బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని, ఇక్కడ మంచు బాగా పడుతోందే అన్నాడు. మంచు ఎక్కడా లేదు. చల్లగా ఉన్న అద్దానికి బయటి తడిగాలి తగిలి ఆవిరి పట్టింది. వేసవిలో ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే. కాసేపు బయట ఉంచితే అదే పోతుంది. ఆయన మాత్రం రుమాలుతో తుడిచాడు, మళ్ళీ పట్టింది, మళ్ళీ తుడిచాడు. చివరికి కంపెనీ వాణ్ణి తిట్టుకుంటూ కారెక్కాడు.

ఇలాంటివి చూసీ చూసీ, వస్తువు ధర పెరిగేకొద్దీ చూపు తగ్గుతుందని నేను నవ్వుతూ అనేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ మాటను నేనే నిజమని నమ్మాను.

బాపు అద్దం

నమ్మకూడదని నాకు ఇంట్లోనే ఒక సాక్ష్యం ఉండింది. గుర్తు రాలేదంతే.

బట్టలో అంగుళానికి ఎన్ని దారాలున్నాయో లెక్కపెట్టడానికి నేతపని వాళ్ళ దగ్గర మడిచి పెట్టుకునే చిన్న భూతద్దం ఉంటుంది. కూలికి నేసేవాళ్ళకు దాంతో పని లేదు, అది సేటు దగ్గర ఉంటుంది. సాయంత్రం సేటు బట్ట పరిచి, అద్దం పెట్టి, ఇక్కడ దారం తప్పిందంటే తప్పినట్టే. కూలీ కోత పడేది. వాదించడానికి మనకు కనబడితే కదా.

బాపు ఒకసారి హైదరాబాద్ పోయి ఇత్తడి అద్దం ఒకటి కొనుక్కొచ్చాడు. సేటు దగ్గరున్న దానికంటే మంచిది. తోటి పనివాళ్ళు ఆటపట్టించారు, అవ్వ రెండు రోజులు మాట్లాడలేదు. అంత పెట్టి ఎందుకు కొన్నావని నేను అడిగితే చెప్పాడు.

"అద్దం ఎవని చేతుల ఉంటే వానిదే మాట బిడ్డా. ఇయ్యాల్టి సంది నాది గూడ ఒక మాట ఉంటది."

తర్వాత సేటుకూ బాపుకూ గొడవలు తగ్గాయి. సేటు బట్ట పరిచే ముందే బాపు తన అద్దం తీసి పక్కన పెట్టేవాడు. బాపు పోయాక అది మా చెల్లె దగ్గర ఉంది. ఇప్పటికీ గీత పడలేదు.

మేడంతో పేచీ

ఈ చలికాలం ఒక జంట మళ్ళీ గుట్ట అంచు మీద కూర్చుంది. గూడు కట్టిందా, గుడ్డు పెట్టిందా తెలియదు. అంచు లోపలికి ఉంటుంది, పడమటి ముఖం. పొద్దున అక్కడ ఎండ పడదు, అంతా చీకటి. ఎండ పడేసరికి రాయి కాలి గాలి ఊగుతుంది. సరిగ్గా చూడదగిన సమయం తెల్లవారుజామున కొంచెం సేపు. అప్పుడేమో వెలుతురు చాలదు. నాకు అలవాటైన గుట్ట కదా అని మౌనిక మేడం కబురు పెడితే రిటైరైన నేను వచ్చి జంగుతో పాటు గుడిసెలో ఉంటున్నాను. జంగు ఇక్కడి గూడెం మనిషి. పదేళ్ళకు పైగా కాపలా చేస్తున్నాడు.

గుడిసె కోసం ఎవరో ఇచ్చిన కొంత సొమ్ము మిగిలింది. దాంతో నాలుగు చవక బైనాక్యులర్లు తీసుకుందామని నేను కరీంనగర్ షాపు వాడికి చెప్పి పక్కన పెట్టించాను. మేడం ఒకటే కొందామన్నారు, మంచిది. ఆమెది పెద్దపల్లి దగ్గర వరి పండించే ఇల్లు. మాటల్లో మొహమాటం ఉండదు.

"ఒక్కటి కొంటే ఒక్కలే చూస్తరు మేడం. నాలుగుంటే నలుగురం చూస్తం," అన్నాను.

"నలుగురికి నల్లగనే కనవడితే ఏం లాభం సార్?"

"గంత ఖరీదుది బీరువలకే పోతది. నేను కండ్లార చూసిన."

"బీరువ ఎవలు కొంటరు? మేకు కొడ్త."

పోయిన వారం అన్నంత పనీ చేశారు. కొత్త బైనాక్యులర్ తెచ్చి, గుడిసె వాసానికి రాయితో తానే మేకు కొట్టి తగిలించారు. తాళం లేదు. ఎవరు ముందు లేస్తే వాళ్ళు మెడలో వేసుకోవాలి. కింద పడితే తన పేరు చెప్పమన్నారు. నేను ముట్టుకోలేదు. నా పాతది నాకు చాలన్నాను. జంగు మాత్రం మేడం వెళ్ళీ వెళ్ళగానే మెడలో వేసుకున్నాడు, అన్నం తినేటప్పుడు కూడా తీయలేదు.

ఈ పొద్దున

వారమంతా గుట్ట కింది వాగు మీది నుంచి మంచు లేచి గుట్టను కప్పేసింది. ఈ రోజు మంచు లేదు. వాగు ఇవతల మేం కూర్చునే బండ మీదికి ఇంకా వెలుగు సరిగా రాకముందే చేరాం. నేను నా అద్దంతో చూశాను. ఎప్పటిలాగే అంచు లోపల నలుపు, ఆ నలుపులో పెద్ద పక్షి ఆకారం, దాని కాళ్ళ దగ్గర తెల్లటి మచ్చ. ఆ మచ్చ నాకు కొన్ని వారాలుగా తెలుసు. రాబందులు కూర్చునే చోట రెట్ట సున్నం వేసినట్టు పడుతుంది. రెట్ట అని రాశాను, రెట్ట అనే జంగుకూ చెప్పాను.

జంగు కొత్త అద్దంతో చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళ మీంచి తీయకుండానే మెల్లగా అడిగాడు.

"రెట్టకు ముక్కుంటదా సార్?"

నేను నవ్వాను. పొద్దున్నే పరాచికమా అన్నాను.

"పరాచికం గాదు. నువ్వే చూడు. జర ఆగి చూడు, అది తల లేపుతది."

మెడలోంచి తీసి ఇచ్చాడు. కళ్ళకు పెట్టుకున్నాను. నాకు మొదట కనబడింది పిల్ల కాదు, చీకటి పోవడం. ఎవరో ఆ అంచు లోపల దీపం పెట్టినట్టుంది. రాతి మీద పగుళ్ళు, గూట్లో అడ్డంగా పడున్న పుల్లలు, తల్లి మెడ చుట్టూ ఉండే తెల్లటి ఈకల పట్టీ. దాని కాళ్ళ దగ్గర నా రెట్ట మచ్చ. అది కదిలింది. తల లేపింది, ఊగింది, పడిపోయింది, మళ్ళీ లేపింది. ముక్కు ఉంది.

పాత అద్దం తీసుకుని మళ్ళీ చూశాను. నలుపు, మచ్చ. కొత్తది పెట్టుకున్నాను. పిల్ల. ఇలా మార్చి మార్చి ఎన్నిసార్లు చూశానో, జంగు విసుక్కుని అద్దం లాక్కున్నాడు. ఫోన్ కెమెరాను బైనాక్యులర్ వెనక అద్దానికి ఆనించి ఫొటో తీశాడు. కొన్ని మసకగా పడ్డాయి. ఒకదాంట్లో మాత్రం తల, ముక్కు, తల్లి వంగడం స్పష్టంగా పడ్డాయి. ఎవరు చూసినా అది రెట్ట అనరు.

జంగును అక్కడే ఉండమని, ఆ ఫొటో నా ఫోన్‌లోకి తీసుకుని రోడ్డు దాకా నడిచాను. నడిచానంటే అబద్ధం, సగం దూరం ఉరికాను. ఈ వయసులో.

మరి కొనాలా వద్దా

ఇంతకాలం నేను చెప్పినవన్నీ తప్పని కాదు. మధ్యాహ్నం వచ్చి చూసిపోయేవాళ్ళకు ఎంత ఖరీదైనదైనా వృథాయే. ముందు త్వరగా లేవడం నేర్చుకోండి, అది ఉచితం. పన్నెండు రెట్లు, పదహారు రెట్లు అని డబ్బా మీద రాసినవాటికి ఆశపడకండి. చెయ్యి వణికితే పక్షి కూడా వణుకుతుంది. ఎనిమిది రెట్లు చాలు, ముందరి అద్దం మాత్రం వెడల్పుగా ఉండాలి. వెలుతురు వచ్చేది అక్కడి నుంచే. కళ్ళజోడు ఉన్నవాళ్ళు జోడుతోనే చూసి కొనండి, సగం బొమ్మే కనబడితే షాపులోనే వదిలేయండి. చవకది ఒకసారి కింద పడితే రెండు గొట్టాలూ రెండు దిక్కులు చూస్తాయి. ఒక్క పక్షి రెండుగా కనబడి, గంట చూస్తే తలనొప్పి వస్తుంది. పక్షుల మీద ఇష్టం పోయిందనుకున్న కొందరికి నిజానికి పోయింది అద్దమే.

సరదాగా చెరువు గట్టు మీద కొంగల్ని, బాతుల్ని చూసేవాళ్ళు అప్పు చేసి కొనక్కర్లేదు. ఎండలో కొంగ అందరికీ కొంగలాగే కనబడుతుంది. కానీ చీకటిలో, వానలో, నీడలో చూడటం మీ నౌకరీ అయితే, మీరు చూసినదాని మీద ఇంకొకరి బతుకు ఆధారపడి ఉంటే, మంచిది కొనండి. అందరికీ తలా ఒకటి వద్దు. నలుగురికి ఒకటి, చెయ్యి చాచితే అందేచోట. లోపల తేమ చేరకుండా మూసినదై ఉండాలి. పడుతుంది, తడుస్తుంది, గీతలు పడతాయి. పడనివ్వండి. బాగా వాడినందుకే పాడైన వస్తువును నేను ఈ శాఖలో ఇంకా చూడలేదు.

నేను గుట్టల్లో తిరిగినన్నాళ్ళూ బీరువాను తిట్టాల్సింది పోయి బైనాక్యులర్‌ను తిట్టాను. మేడం రెండిటినీ విడదీసి చూశారు.

ఫోన్లు

ఇక్కడిదాకా రాసేసరికి మేడం ఫోన్ వచ్చింది. పెద్ద ఆఫీసర్ గారు ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చేసి చూశారట. తర్వాత అసలు మాట చెప్పారు.

"గుడిసె ఉంటది సార్. పిల్ల ఎగిరేదాక ఉంటది, మళ్లొచ్చే చలికాలం గూడ ఉంటది. కాయితం ఇయ్యాల్నే వస్తది."

నేనేం మాట్లాడానో నాకు గుర్తు లేదు. చాయ్ హోటలాయన పైసలు వద్దన్నాడంటే ఏదో గట్టిగానే అని ఉంటాను.

ఇక ఫోన్లు చేయాలి. మా చెల్లెకు, మగ్గాలు నడుస్తుంటే వినపడదు, కరెంటు పోయే టైం చూసి చేయాలి. అద్దం గురించి బాపు అన్న మాట నాకు ఇన్నాళ్ళకు అర్థమైందని కూడా ఆమెకు చెప్పాలి. దుబాయ్‌లో ఉన్న మేనల్లుడికి, డ్యూటీ దిగాక. పెద్దపల్లి పశువుల డాక్టరు గారికి, చచ్చిన పశువును తిన్న రాబందులను చంపే నొప్పి మందు పశువులకు వేయొద్దని ఊరూరా తిరిగి చెప్పిన మనిషి, ఈ పిల్లలో ఆయన వాటా ఉంది. నిర్మల్‌లో కూతురి దగ్గరుంటున్న మా పాత రేంజర్ గారికి. అద్దం ఎక్కడ పెడుతున్నారని ఆయన తప్పకుండా అడుగుతాడు. మేకుకు అని చెప్పాలి, తాళం లేదని కూడా చెప్పాలి. కరీంనగర్ షాపు వాడికి, పక్కన పెట్టిన నాలుగూ అమ్ముకొమ్మని.

ఇక జంగు. అందరికంటే ముందు తెలియాల్సింది వాడికే. నెలాఖరుతో పని పోతుందనుకుంటూనే, మెడలో ఆ అద్దం వేసుకుని ఇంకా బండ మీదే కూర్చుని పిల్లను చూస్తూ ఉంటాడు. అక్కడ ఫోన్ కలవదు. మిగతావాళ్ళందరూ సాయంత్రం దాకా ఆగుతారు. నేను నడుస్తున్నాను.